సీనియారిటీ ప్రకారం గోలు

కోరాడ గవరయ్య ఇరవయ్యేళ్ళు ఫుట్‌బాల్ ఆడి మొత్తం రెండు గోల్స్ కొట్టాడు. రెండూ సొంత గోల్లోకే. మొదటిది తల తగిలి వెళ్ళిందనీ, రెండోది సముద్రం గాలి మూలాన వెళ్ళిందనీ అతను చెబుతాడు. ఎవరూ అడగకపోయినా చెబుతాడు. డిఫెన్సులో ఆడేవాడికి గోలు కొట్టే రాత ఎక్కడుంటుందిలే అని లోకం సరిపెట్టుకుంది గాని, గవరయ్య సరిపెట్టుకోలేదు. రిటైరయ్యేలోగా ఒక్క గోలు, అవతలివాళ్ళ గోల్లో, జనం చూస్తుండగా కొట్టాలి. యాభయ్యో పడి దగ్గరపడుతున్నా అతనికి ఆ ఆశ చావలేదు.

మన ఊళ్ళో ఫుట్‌బాల్ అంటే ఉప్పు సంస్థదే. దాని పూర్తి పేరు రాష్ట్ర లవణాభివృద్ధి సంస్థ. ఆ పేరు బోర్డు మీద తప్ప ఎవరి నోటా పలకదు. ఉప్పు మళ్ళకీ గోదాములకీ మధ్య ఒక మైదానం ఉంది. పగలు బస్తాలు తూచేవాళ్ళూ, లెక్కలు రాసేవాళ్ళూ, లారీలు పంపేవాళ్ళూ సాయంత్రం నిక్కర్లు తొడుక్కుని అక్కడ ఆడేవాళ్ళు. గెలిస్తే క్యాంటీన్లో పకోడీ, ఓడితే ఉత్త టీ. పెద్ద పేరు రాలేదు, అలాగని పరువూ పోలేదు. అలాంటి రోజుల్లో ప్రొఫెషనలిజం వచ్చింది.

రాష్ట్రంలో మొట్టమొదటి ప్రొఫెషనల్ లీగ్ పెడుతున్నారనీ, అందులో మనకూ చోటిచ్చారనీ, అందరికంటే అడుగున మిగిలిన జట్టును మాత్రం బయటికి పంపేస్తారనీ కబురు తెలిసింది. ఎం.డి. గారు సంబరపడిపోయారు. ఆ నెలంతా ఆయన ‘ప్రొఫెషనల్’ అనే మాట లేకుండా మంచినీళ్ళు కూడా అడగలేదు. లీగ్ వాళ్ళు పెట్టిన షరతులు రెండే. ఆటగాడికి ఆట తప్ప వేరే పని ఉండకూడదు. ఆటగాడికి ఎదుగుదలకు దారి చూపించాలి. ఈ రెండోదానికి మిగతా ఊళ్ళవాళ్ళు మంచి కోచ్‌ని పెట్టుకోవడమని అర్థం చెప్పుకున్నారు. మన ఊళ్ళో ఆ కాగితం ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌కి వెళ్ళింది.

ఆ సెక్షన్‌కి సూపరింటెండెంటు విరూపాక్షరావు గారు. ఉద్యోగుల నియామకాలు, పదోన్నతులు, శిక్షలు అన్నీ ఆయన చేతిమీదుగానే జరుగుతాయి. ఆయన జన్మలో ఫుట్‌బాల్ చూడలేదు. చూడకుండా నిర్ణయం తీసుకుంటేనే పక్షపాతం ఉండదని ఆయన నమ్మకం. ఆటగాళ్ళ తరఫున మాట్లాడటానికి యూనియన్ కార్యదర్శి హోదాలో గవరయ్యను పిలిపించారు.

“మైదానమునందు ఎన్ని కేడర్లు గలవు?” అని అడిగారు విరూపాక్షరావు గారు. ఆఫీసులో ఆయన నోట కాగితం భాషే వస్తుంది. ఇంట్లో కూరలో ఉప్పు తగ్గినా అదే భాషంటారు.

“గోల్‌కీపరు, డిఫెన్సు, మిడ్‌ఫీల్డు, ఫార్వర్డు బాబూ.”

“వీనిలో పై హోదా ఏది?”

అన్నీ సమానమే అనాలి. ఆ సంగతి గవరయ్యకు బాగా తెలుసు. ఇరవయ్యేళ్ళుగా కుర్రాళ్ళకు అతను చెప్పిందీ అదే. కాని కడుపులో ఉన్నది నోట్లోంచి ఊడిపడింది.

“ఫార్వర్డే బాబూ. పేపర్లో ఫొటో ఆడిదే పడతాది.”

“గోల్‌కీపరు విధులేమి?”

“ఏటుంటాది బాబూ, గోలు కాడ కావలుంటాడు.”

“అనగా గేటు కావలి పోస్టునకు సమానము. ప్రారంభ స్థాయి,” అని ఆయన రాసుకున్నారు. ఆ క్షణంలో గవరయ్య నోరు తెరిచి ఉంటే సరిపోయేది. అతను నోరు తెరిచాడు కూడా, కాని అందులోకి ఆఫీసువాళ్ళిచ్చిన బిస్కెట్టు వెళ్ళింది.

వారం తిరగకుండా ఉత్తర్వులు వచ్చాయి. సంస్థలో కొత్తగా చేరిన ఆటగాడు గోల్‌కీపరుగా ఉద్యోగం మొదలుపెట్టాలి. ఖాళీలను బట్టి, సర్వీసును బట్టి డిఫెన్సుకి, అక్కడినుంచి మిడ్‌ఫీల్డుకి, ఆఖరికి ఫార్వర్డుకి పదోన్నతి పొందాలి. ఎప్పుడో ఆట మానేసినా జట్టు పట్టీలో పేరున్నవాళ్ళందరికీ ఇది వర్తిస్తుంది. యూనియన్ ఆఫీసులో లడ్డూలు పంచారు. చరిత్రాత్మక విజయమని గవరయ్య మెడలో దండ వేశారు. సీనియారిటీ ప్రకారం అతను మూడో ఫార్వర్డు అయ్యాడు. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి కాలు గాల్లోకి విసిరి చూసుకున్నాడు. నడుం పట్టేసింది.

అతనికి పైన ఇద్దరున్నారు. ఒకరు లారీల సెక్షన్ నుంచి వచ్చిన సత్యం గారు. షుగరూ బీపీ ఉన్నా మనిషి హుషారు. రెండోవారు క్యాంటీన్ మేనేజరు అప్పలనరసయ్య. ఈయన ఆట మానేసిన నాటికి మన గోల్‌పోస్టులు వెదురు బొంగులు. కొత్త కోచ్ హైదరాబాదు నుంచి వచ్చి జాబితా చూశాడు. మంచినీళ్ళడిగి తాగాడు. మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయాడు. కోచ్ పోస్టుని పదోన్నతి ద్వారా భర్తీ చేయాల్సి ఉన్నందున అది ఖాళీగానే ఉండిపోయింది.

ఇక మైలపల్లి నూకరాజు సంగతి. ఇతనొక్కడే మన జట్టులో నిజమైన ఫార్వర్డు. సముద్రపొడ్డున వలలు లాగేవాళ్ళ ఇంట్లో పుట్టి, ఇసకలో ఆడి నేర్చుకున్నవాడు. కిందటేడు మన గోల్స్‌లో ముప్పాతికపాళ్ళు అతనివే. అతని కాలికి బంతి తగిలితే జనం కూర్చున్నచోట కూర్చోలేకపోయేవారు. కాని సంస్థలో అందరికంటే చివర చేరాడు. అందుకని గోల్‌కీపరయ్యాడు. ఖాకీ చొక్కా కూడా ఇచ్చారు.

“బాబాయ్, నాను సేతుల్తో ఆడ్డం ఎప్పుడూ నేర్సుకోనేదే,” అన్నాడు నూకరాజు.

“ఎవుడు పుట్టగానే నేర్సుకున్నాడ్రా? నాను మాత్రం ఫార్వర్డు ఎలగాడాలో నేర్సుకున్నానేటి?” అన్నాడు గవరయ్య. తన మాటలోని నిజం తన చెవికే కొంచెం గుచ్చుకుంది గాని, ముందువరసలో నిలబడే ఆనందంలో దులిపేసుకున్నాడు.

మొదటి మ్యాచి ఘనంగా మొదలైంది. విరూపాక్షరావు గారు గొడుగు వేసుకుని గట్టు మీద కూర్చున్నారు. మన ముగ్గురు ఫార్వర్డులూ మధ్యలో నిలబడి నమస్కారాలు అందుకున్నారు. విజిల్ ఊదాక అవతలివాళ్ళు ఇవతలికొచ్చారు, మనవాళ్ళు అక్కడే ఉండిపోయారు. అప్పలనరసయ్యకు బంతి అందితే ఆయన దాన్ని కాలికింద తొక్కిపట్టి, కళ్ళద్దాలు సవరించుకుని, చుట్టూ చూసేసరికి బంతి ఉండేది కాదు. గవరయ్యకు రెండుసార్లు బంతి దొరికింది. మొదటిసారి పరిగెత్తాడు, బంతి వెనకాలే ఉండిపోయింది. రెండోసారి బంతి ముందుకెళ్ళింది, అతను వెనకాల ఉండిపోయాడు. నాలుగు గోల్స్‌తో ఓడిపోయాం. నూకరాజు అడ్డం పడబట్టి నాలుగుతో ఆగింది, లేకపోతే స్కోరుబోర్డుకి అంకెలు చాలేవి కావు.

మర్నాడు సమీక్ష పెట్టారు. విరూపాక్షరావు గారు ఆటను మొట్టమొదటిసారి చూసి ఒక లోపం పట్టుకున్నారు.

“నిన్నటి దినమున గోల్‌కీపరు సదరు బంతిని నేరుగా ఫార్వర్డు అధికారులకు పంపియున్నాడు. మధ్యన గల రెండు సెక్షన్లను లెక్కచేయలేదు. బంతి త్రూ ప్రాపర్ ఛానెల్ రావలెను.”

అప్పటినుంచి బంతి గోల్‌కీపరు నుంచి డిఫెన్సుకి, డిఫెన్సు నుంచి మిడ్‌ఫీల్డుకి, అక్కడినుంచి ఫార్వర్డులకు రావాలి. ఫార్వర్డులకు నచ్చకపోతే అదే దారిలో వెనక్కి పంపవచ్చు. మనవాళ్ళకు బాగా అలవాటైన పనేమో, త్వరగా పట్టుబడింది. కొన్ని మ్యాచుల్లో బంతి మిడ్‌ఫీల్డు దగ్గరే పెండింగులో పడేది. అవతలివాళ్ళు వచ్చి తీసుకుపోయేవారు. పసుపు కార్డు పడినవాడికి మెమో, ఎర్ర కార్డు పడినవాడికి విచారణ పూర్తయ్యేవరకు సస్పెన్షన్. ఒక మిడ్‌ఫీల్డరు అనారోగ్యం సెలవులో ఉంటూ ఆటకొచ్చాడని దొరికిపోయాడు. పాపం, ఆ మ్యాచిలో బాగా ఆడింది అతనొక్కడే.

ఐదో మ్యాచిలో మనకు పెనాల్టీ వచ్చింది. గోల్‌కీపరుకీ బంతికీ మధ్య ఎవరూ ఉండరు, కొట్టడమే తరువాయి. నూకరాజు అంత దూరాన్నుంచి ఆశగా చూశాడు. గవరయ్య ఒక అడుగు ముందుకేశాడు. కాని తన కంటే ఇద్దరు సీనియర్లు ఉండగా తనెలా కొడతాడు? ఆ ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. అలాంటప్పుడు పుట్టినతేదీ చూడాలని అప్పలనరసయ్య, చదువు చూడాలని సత్యం గారు. రిఫరీ గడియారం చూసుకుంటున్నాడు. గట్టు మీదినుంచి విరూపాక్షరావు గారు పుట్టినతేదీయే ప్రమాణమని అరిచి చెప్పారు. అప్పలనరసయ్య పెద్దవాడు. వచ్చాడు, దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు, కాలు ఎత్తాడు, తొడ పట్టేసి అక్కడే కూలబడ్డాడు. బంతి ఉన్నచోటునుంచి కదల్లేదు. ఆయన్ని మోసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళలో ఎవరి కాలో తగిలి అది పక్కకి దొర్లిపోయింది.

సీజను ముగింపుకొచ్చేసరికి మన జట్టు ఒక్క గోలూ కొట్టలేదు. లీగులో అడుగున ఉన్నాం. ఆఖరి మ్యాచి మనలాంటి ఇంకో దరిద్రపు జట్టుతో. గెలిస్తే వాళ్ళు పోతారు, గెలవకపోతే మనం పోతాం. పోతే జట్టును రద్దు చేస్తామని ఎం.డి. గారు ముందే చెప్పారు. జట్టు లేకపోతే గవరయ్యకు గోలు కొట్టే యోగం ఈ జన్మకి లేనట్టే.

ఆ వారమే గవరయ్య పెళ్ళాం లచ్చమ్మ అన్నం పెడుతూ ఒక మాటంది. “నూకరాజు సాయంత్రం పూట ఒడ్డున ఆడతన్నాడు. ఊరు ఊరంతా అక్కడే ఉన్నాది. మీ మేచీకి మాత్రం కాకులు కూడా రావు. ఆడిని ముందరెట్టి నువ్వు ఎనక్కెల్తే నీ సొమ్మేటి పోతాది?”

గవరయ్య మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయాడు. పోయేది తన గోలే. అయినా మనసు చంపుకుని మర్నాడు విరూపాక్షరావు గారి దగ్గరికెళ్ళాడు.

“బాబూ, నా ప్రమోషను నాకొద్దు. నూకరాజుకిచ్చీయండి.”

“పదోన్నతి పరిత్యజించుటకు తమకు హక్కు గలదు,” అన్నారాయన మెచ్చుకోలుగా. “అయితే ఆ ఖాళీ తమ తరువాతి సీనియరుకు చెందును. ఆయన తూకం సెక్షన్ కూర్మారావు గారు. ఆయనకు మోకాలి చిప్ప మార్చియున్నారు. నూకరాజు వంతు రావలెనన్న, మధ్యన గలవారందరూ రిటైరు కావలెను, లేదా కాలధర్మము చెందవలెను.”

“ఇంకో దారి నేదా బాబూ?”

“ఈ నిబంధన వచ్చినందుకు లడ్డూలు పంచినది తమ యూనియనే గదా.”

గవరయ్య బయటికొచ్చాడు. నిజం చెప్పాలంటే, మెట్లు దిగుతుంటే అతనికి హాయిగా అనిపించింది. అడగాల్సింది అడిగాడు. కాదన్నారు. ఇక తను ఫార్వర్డుగా ఉంటే తప్పు తనది కాదు. అంత హాయిగా అనిపించినందుకు ఇంటికెళ్ళేదాకా తనను తను తిట్టుకుంటూనే ఉన్నాడు.

ఆఖరి మ్యాచికి జనం వచ్చారు. ఆట మీద ప్రేమతో కాదు, అంత్యక్రియలకు వచ్చినట్టు వచ్చారు. ఆడకపోవడంలో రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఆట అయిపోవచ్చింది, ఎవరికీ గోలు లేదు. ఆఖరి నిమిషాల్లో అవతలివాళ్ళు కొట్టిన బంతిని నూకరాజు గాల్లోకెగిరి రెండు చేతులా పట్టుకున్నాడు. నిబంధన ప్రకారం డిఫెన్సుకివ్వాలి. చూస్తే డిఫెన్సువాళ్ళలో ఒకడు కూర్చుని మేజోడు లాక్కుంటున్నాడు, ఇద్దరు మంచినీళ్ళు తాగుతున్నారు. నూకరాజు ఒక్క క్షణం గట్టు మీది గొడుగు వంక చూశాడు. బంతిని కింద పెట్టాడు. పరుగు లంకించుకున్నాడు.

“ఒరే, ఇటియ్యాల్రా!” అని డిఫెన్సు అరిచింది. “మాకు సెప్పకండా ఎలగెల్తావ్?” అని మిడ్‌ఫీల్డు అడ్డంపడబోయింది. అతను అవతలివాళ్ళ కంటే మనవాళ్ళనే ఎక్కువమందిని తప్పించుకోవాల్సి వచ్చింది. ఖాకీ చొక్కా ఎగురుతుంటే జనం లేచి నిలబడ్డారు. అవతలి గోల్‌కీపరు మీదికి దూకాడు. నూకరాజుకు ఎదురుగా గోలంతా ఖాళీ. ఆ పక్కనే గవరయ్య నిలబడి ఉన్నాడు.

కుర్రాడు కొట్టలేదు. పెద్దవాడని, బాబాయని, అతని ఆశ తెలిసి, బంతిని మెత్తగా అతని కాళ్ళ ముందుకు నెట్టాడు. ఎదురుగా ఎవరూ లేరు. గవరయ్య కాలు విసిరాడు. బంతి ఉన్నచోటే ఉంది. గవరయ్య మాత్రం గాల్లోకి లేచి, వెల్లకిలా పడి, బోర్లా తిరిగాడు. పచ్చికలో ముక్కు పెట్టుకుని ఉండగా, తన పక్కనుంచి గాలి దూసుకుపోవడమూ, వల చప్పుడూ, ఆ వెంటనే జనం హోరూ వినిపించాయి. నూకరాజు వెనక్కొచ్చి కొట్టేశాడు. ఆ క్షణంలో గవరయ్య అన్నీ మరిచిపోయాడు. లేచి, గెంతులేసి, కుర్రాడిని ఎత్తుకుని ముద్దు పెట్టేసుకున్నాడు. గెలిచాం. జట్టు నిలిచింది.

నిలిచిందనే అనుకున్నాం. గట్టు మీదినుంచి విరూపాక్షరావు గారు దిగొచ్చి ఎం.డి. గారి చెవిలో ఏదో చెప్పారు. అరగంటలో ఆటగాళ్ళందరినీ గోదాములో కూర్చోబెట్టి విచారణ మొదలుపెట్టారు.

“సదరు గోలు అర్హత లేని సిబ్బందిచే చేయబడినది,” అన్నారు విరూపాక్షరావు గారు. “గోల్‌కీపరు తన డ్యూటీ స్థలమును అనుమతి లేకుండ విడిచి, మూడు సెక్షన్ల పరిధిని ఉల్లంఘించియున్నాడు. ఇట్టి గోలును సంస్థ స్వీకరించజాలదు. రద్దు చేయవలసినదిగా మనమే లీగునకు వ్రాయవలెను.”

“అవతలోల్లే ఒప్పుకున్నారు గద బాబూ!” అన్నాడు గవరయ్య.

“వాళ్ళు ఒప్పుకున్నంత మాత్రాన మనం ఒప్పుకుంటే ఎలాగండీ? మనది పద్ధతి గల సంస్థ,” అన్నారు ఎం.డి. గారు. “ప్రొఫెషనల్ అంటే అదే కదా.” ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సొంత నిజాయితీని చూస్తే ఆయనకు ఎప్పుడూ అలాగే అవుతుంది.

లీగువాళ్ళు ఏ గోలునైనా ఒప్పుకుంటారు గాని, గెలిచిన జట్టే వద్దని రాస్తే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? జట్టు పోయినట్టే. అందరూ నేల చూపులు చూస్తున్నారు. అప్పుడు విరూపాక్షరావు గారే దయతలిచి దారి చూపించారు.

“ఒక్క విషయము తేలవలెను. బంతి గోలునందు ప్రవేశించుటకు ముందు, చివరిగా ఏ హోదా గల శరీరమును తాకినది? ఫార్వర్డు అధికారి ఎవరైన సమీపమున ఉండిరా?”

గోదాములో ఉన్నవాళ్ళంతా గవరయ్య వంక చూశారు. నూకరాజు ఒక్కడే చూడలేదు. అవునంటే జట్టు ఉంటుంది. కాదంటే కుర్రాడి గోలు కుర్రాడికుంటుంది, కాని ఆ గోలు ఇక ఎక్కడా ఉండదు. జట్టు కోసమే అనుకున్నాడు. ఆ అనుకోవడం వెనక ఇంకోటి తోకాడించుకుంటూ నిలబడి ఉందని అతనికి తెలుసు.

“తగిలినాది బాబూ.”

“ఎచ్చట?”

“నాను పడున్నాను గదా... ఎనక బాగానికి.”

“హోదా శరీరమంతటికీ వర్తించును,” అని రాసుకున్నారు విరూపాక్షరావు గారు. గోలు కోరాడ గవరయ్య పేరున నమోదైంది.

నాలుగు రోజుల తరవాత సన్మానం జరిగింది. శాలువా కప్పారు. పేపర్లో ఫొటో పడింది. ముందువరసలో కూర్చున్న లచ్చమ్మ ఇంటికొచ్చాక తలుపేసి, “తిరుగు ఓసారి. అంత గట్టిగా తగిల్తే కమిలుండాల గదా, సూత్తాను,” అంది. గవరయ్య తిరగలేదు. నూకరాజుకు డ్యూటీ స్థలం విడిచినందుకు ఒక ఏడాది సీనియారిటీ తగ్గించారు.

ఆదివారం సాయంత్రం గవరయ్య సముద్రపొడ్డుకి వెళ్ళాడు. కుర్రాళ్ళు ఇసకలో ఆడుతున్నారు. నూకరాజు పక్కన తెప్ప మీద కూర్చుని ఉన్నాడు.

“నాకు తగల్నేదురా,” అన్నాడు గవరయ్య. ఎన్ని మాటలు కూడబలుక్కుని వచ్చాడో, అదొక్కటే వచ్చింది. “నీ గోలు నాను తినీసినాను.”

“నాకు తెల్దేటి బాబాయ్?” అన్నాడు నూకరాజు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని గవరయ్యకు అనిపించింది. “పోన్లే. నానూ ఏదో నాటికి ఫార్వర్డునవుతాను గదా. నా ఎనకాల ఎవుడో గుంటడు కొట్టకపోడు. అది నా పేర్న రాస్తారు.”

గవరయ్యకు ఏడుపొచ్చింది. నాలుగు తిట్లు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

“ఎల్లి ఆడ్రా. నీ కోసం సూత్తన్నారు,” అన్నాడు.

“ఒద్దు బాబాయ్. కాలికేటైనా అయితే అన్‌ఫిట్టని తీసీగల్రు. ఎంత సర్వీసున్నాదో నాకింకా!”

అంతలో బంతి దొర్లుకుంటూ వచ్చి అతని కాళ్ళ దగ్గర ఆగింది. కొట్టు, కొట్టు అని కుర్రాళ్ళు అరిచారు. నూకరాజు వంగి, బంతిని రెండు చేతులతో తీసి, దగ్గరగా ఉన్నవాడికి జాగ్రత్తగా అందించాడు.